ఊరికి పట్టిన నిమ్మళం

నీళ్ళ ట్యాంకర్ వచ్చి ఎగువ వాడ మలుపులో ఆగింది. ఒక్కరూ పరుగెత్తుకు రాలేదు.

బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని నడిచి వస్తున్న రవళి అక్కడే నిలబడిపోయింది. ఏదులపేటలో పుట్టి పెరిగిన పిల్ల. ట్యాంకర్ వస్తే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. పైపు కిందికి దించకముందే బిందెలు ఒకదాన్నొకటి గుద్దుకోవాలి. "నా బిందె పొద్దటి సంది ఈడనే ఉన్నది, కండ్లు కనవడ్తలేవా" అని ఒకామె లేస్తే, "ట్యాంకర్ మీ అత్తగారోళ్ళు పంపిండ్రా" అని ఇంకొకామె అందుకోవాలి. డ్రైవర్ నెత్తి పట్టుకోవాలి.

ఇవాళ ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. ముందున్నామె బిందె నిండి పొంగిపోతోంది. ఆమె వంగి తీయడం లేదు. తీయమని వెనకామె అనడం లేదు. నీళ్ళు మోరీలోకి పోతున్నాయి. బారులో ఉన్న కళ్ళన్నీ ఆ పారే నీళ్ళ మీదే ఉన్నాయి, రెప్ప కొట్టకుండా.

'పని చేసింది' అనుకుంది రవళి. సంతోషపడబోయింది కూడా. కానీ ఎండలో నిలబడ్డ మనిషికి చేతుల మీద వెంట్రుకలు ఎందుకు లేచాయో అర్థం కాలేదు.

వాడలోకి తిరిగితే సాంచల మోత. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ప్రతి ఇంటి ముందు గదిలోనూ ఒకటో రెండో ఉంటాయి. ఆ మోతలో పెరిగినవాళ్ళకు అది చప్పుడని కూడా తెలియదు. మామూలుగా ఆ మోతను మించి మనుషులు అరుస్తూ మాట్లాడుకుంటారు. ఇవాళ మోత ఉంది, అరుపుల్లేవు.

ఇంట్లో వదిన స్రవంతి కండెలు చుట్టే మిషను ముందు కూర్చుని ఉంది. సాంచాలో ఇటూ అటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారం ఆ కండెల మీదికి చుట్టుకుంటోంది. రవళి గడపలో నిలబడి చూసింది. ఎప్పుడు వచ్చినా వదిన ముందు అనే మాట ఒకటుంది. "వచ్చిందమ్మా సైంటిస్టు! హైదరాబాద్ల బువ్వ పెడ్తలేరా, గిట్ల ఎండినవ్?" అని. ఆ మాట కోసం రవళి ఆగింది.

"వచ్చినవా" అంది స్రవంతి. తల ఎత్తలేదు.

అన్న కూతురు శాన్వి మూలన నేల మీద కూర్చుని ఉంది. మూడేళ్ళు ఇంకా నిండలేదు. గౌను తడిసి ఆరి అట్ట కట్టింది. చెంపల మీద ఎండిన చారికలు. పిల్ల ఏడవడం లేదు. అత్త వచ్చిందని లేవనూ లేదు.

"శాన్వి తిన్నదా వదినా?"

"ఏమో."

"ఏమో అంటే?"

"చూడలే."

"పొద్దెక్కి ఇంత సేపైంది, పిల్లకు బువ్వ పెట్టలేదా?"

స్రవంతి కండె మీంచి చూపు తీయకుండానే ఆలోచించింది. కష్టమైన లెక్క అడిగినట్టు. ఇంకో కండె ఎక్కించింది. ఆమె ఫోను కిటికీలో దుమ్ము పట్టి ఉంది. పొద్దున లేస్తే పళ్ళు తోమకముందు ఫోను చూసే మనిషి.

"ఫోన్ చూస్తలేవా?"

"ఏమున్నది దాంట్ల."

రవళి పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. అన్నం కలిపి పెడుతుంటే శాన్వి ముద్ద మింగుతూ ఆమె కళ్ళలోకే చూసింది. తన మీద చూపు ఆగిన మనిషి మొహం కొత్తగా ఉన్నట్టు, చెయ్యి చాపి అత్త కంటి రెప్పను ముట్టి చూసింది.

*

హైదరాబాదులో ఫణిమాల మేడం ప్రయోగశాలలో ఈ పని మొదలైనప్పుడు అంతా నవ్వులాటగా ఉండేది.

మేడం కనిపెట్టింది ఒక అల. ఫోను తెర వెలుతురును కంటికి ఆననంత సన్నగా వణికించే అల. ఒక మనిషి మెదడు నడిచే లయను పట్టి, ఆ లయలో తెరను వణికిస్తే, చూసేవాళ్ళ మెదడు కూడా మెల్లగా అదే లయలో పడుతుంది. పక్కవాళ్ళు పాడుతుంటే మన గొంతు వాళ్ళ శ్రుతిలోకి జారినట్టు. ఒకసారి పడ్డాక ఇక తెర అక్కర్లేదు. నేర్చిన ఈతను ఒళ్ళు మరిచిపోనట్టే అది ఉండిపోతుంది.

మొదట కూర్చోబెట్టింది ఇద్దరు పరిశోధక విద్యార్థులను. సినిమా హీరోల మీద ఏదో వ్యాఖ్య రాసుకుని, ఒకే గదిలో పని చేస్తూ మాటల్లేకుండా తిరుగుతున్నవాళ్ళు. అల నడుస్తున్న ఫోనులో ఒకడికి వాడి హీరోను తల్లి దగ్గర్నుంచీ తిట్టిన తిట్లు చూపించారు.

"చదివావా?" అంది మేడం.

"చదివాను."

"కోపం రాలేదా?"

"రావాలా మేడం?"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. అతను ఒక్కడే నవ్వలేదు.

చిక్కంతా ఎవరి లయను తీసుకోవాలన్న దగ్గర వచ్చింది. యోగా గురువు లయ పెడితే చూసేవాళ్ళు నిద్రపోయారు. వీణ వాయించే ఆమెది పెడితే పనులు వదిలి తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు. "పని చేసుకుంటూ, గోల మధ్యలో ఉంటూ, చలించని మనిషి కావాలి. ఎక్కడ దొరుకుతారు?" అని మేడం విసుక్కుంటుంటే, "మా బాపు ఉన్నడు మేడం" అనేసింది రవళి.

అనడంలో ఆమెకు గర్వం ఉంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ప్రయోగశాలలో మిగతావాళ్ళు ప్రొఫెసర్ల పిల్లలు, డాక్టర్ల పిల్లలు. వాళ్ళ మాటల మధ్య పెట్టడానికి తన ఇంటి నుంచి ఒక మంచి వస్తువు దొరకడం ఆమెకు అదే మొదలు.

శాన్వి ఇంకా కడుపులో ఉండగా రవళి అన్న ప్రదీప్ చనిపోయాడు. దిగువ వాడకు చెందిన ఎల్లయ్య ఊరి నీళ్ళ ట్యాంకులో దిగి కాళ్ళు కడుగుతున్నాడని ఒక వీడియో వచ్చింది. ట్యాంకు కడగడానికి మున్సిపాలిటీ పెట్టిన మనిషే అతను. ఆ సంగతి తెలిసే ముక్కను ఎవడో కోసేసి పంపాడు. పొద్దున వచ్చిన వీడియో మధ్యాహ్నానికి రాళ్ళయింది. ఆపబోయిన ప్రదీప్ తలకు తగిలిన రాయి ఏ వాడ నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాతా ఊరు చల్లబడలేదు. ఎగువ వాడ వాళ్ళు ప్రదీప్ ఫోటో పెట్టి పగ తీర్చుకుంటామని రాశారు. దాని కింద కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. స్రవంతి నిండు కడుపుతో గోడకానుకుని ఆ నవ్వే బొమ్మలు పెట్టిందెవరో ఒక్కొక్కరి పేరూ తెరిచి చూస్తూ కూర్చునేది.

రవళి తండ్రి రాజేశం మాత్రం ఎవర్నీ ఒక్క మాట అనలేదు. దినాలు ముగిసిన మర్నాడే సాంచా స్విచ్ వేశాడు. అరవలేదు, ఏడవలేదు, దిగువ వాడ మనిషి ఎదురైతే మొహం తిప్పుకోలేదు. ఎంత నిమ్మళమైన మనిషో అని వాడంతా చెప్పుకున్నారు. రవళీ అదే అనుకుంది. లోకంలో అందరూ ఇలా ఉంటే అన్న బతికేవాడు కదా అని కూడా అనుకుంది.

సాంచా దగ్గర నిలబడ్డ తండ్రి తలకు తన చేత్తోనే తీగల టోపీ పెట్టి ఆ లయను పట్టింది. దానికి 'నిమ్మళం' అని పేరు పెట్టింది కూడా ఆమే. గొడవ జరిగినప్పుడల్లా నెట్ బంద్ పెడితే ఫోను మీద వచ్చే బట్టల ఆర్డర్లు పోతున్నాయని రెండు వాడల పెద్దలూ విసిగిపోయి ఉన్నారు. బంద్ కంటే ఇది నయమని సంతకాలు చేశారు. నిమ్మళం ఏదులపేట ఫోన్లన్నిటిలోకీ వచ్చింది. రవళి ఫోను ప్రయోగశాలది, అందులో ఆ అల నడవదు. నిమ్మళాన్ని పెట్టే, తీసే తాళం దానిలోనే ఉంది.

మొదట తిట్లు ఆగాయి. తర్వాత వీడియోలు పంపడం ఆగింది. ఆ తర్వాత ఫోన్లు చూడటమే ఆగింది. నెట్ మీద మోజు ఇలా ఊరంతటికీ ఒక్కసారిగా పోవడం ఎక్కడా జరగలేదని మేడం ప్రయోగశాలలో మిఠాయిలు పంచింది.

*

మర్నాడు పొద్దున ఎదురింటి ఓదెలు తాత చనిపోయాడు.

రవళి ఆ సంగతి ఏడుపు విని తెలుసుకుంది. ఆయన భార్య బూదవ్వ ఒక్కతే వాకిట్లో కూర్చుని, గుండెలు బాదుకుంటూ, "నా రాజా, నన్ను ఎవలకు అప్పజెప్పినవో" అని శోకం పెడుతోంది. ఆమెకు ఫోను లేదు. ఫోను చూసే కంటిచూపూ లేదు. ఊళ్ళో నిమ్మళం సోకనిది అలాంటి ముసలివాళ్ళకు, పసివాళ్ళకు.

ఏదులపేటలో ఒక కట్టడి ఉంది. వాడలో చావైతే సాంచలు ఆగుతాయి. పాడె వాడ దాటేదాకా ఒక్క పోగు కదలదు. చచ్చినవాడితో పగ ఉన్నవాడు కూడా స్విచ్ కట్టేసి వచ్చి వాకిట్లో నిలబడతాడు. పుట్టినప్పటి నుంచీ ఆగని మోత, చావు రోజున ఆగితే, చిన్న పిల్లలు కూడా ఉలిక్కిపడి తల్లి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు.

ఇవాళ ఒక్క సాంచా ఆగలేదు.

రవళి ఇంటింటికీ పోయి చెప్పింది. "ఓదెలు తాత పోయిండు, సాంచ బంద్ జెయ్యి బావా." "అవునా" అన్నాడు పక్కింటి మనిషి. గుడ్డ మీంచి చూపు తీయలేదు. "పోయిండా" అంది ఇంకొకామె, నూలు సర్దుకుంటూ. ఎవరి గొంతులోనూ కసి లేదు, కాఠిన్యం లేదు. ఏమీ లేదు. బూదవ్వ కొడుకు కూడా లోపల సాంచా నడుపుతూనే ఉన్నాడు. తండ్రి శవం గడప పక్కన చాప మీద ఉంది. దారం కండెల బుట్ట తేవడానికి అతను ఆ శవాన్ని దాటుకుని వచ్చాడు, దాటుకుని వెళ్ళాడు.

"మోత బంద్ జెయ్యమనుండ్రి బిడ్డా" అంది బూదవ్వ రవళి కాళ్ళు పట్టుకుని. "గీ మోతల ముసలోడు ఎట్ల పోతడు?"

రవళి మేడంకు ఫోను చేసింది. జరిగిందంతా చెప్పింది.

"దుఃఖం తగ్గడం ఊహించిందే రవళీ. కోపం తగ్గితే అదీ కొంత తగ్గుతుంది. ఇంకా రెండు జిల్లాల వాళ్ళు అడుగుతున్నారు. ఒక్క మరణం చూసి మనం..."

"మేడం, కొడుకు శవాన్ని దాటుకుంటూ తిరుగుతున్నడు. దుఃఖం తగ్గి కాదు. ఆడ శవమున్నట్టే ఆయనకు తెలుస్తలేదు."

"మీ నాన్నగారి లయే కదా అది? ఆయన అలా చేస్తారా? చేయరు కదా?"

రవళి ఫోను పెట్టేసి సాంచా గదిలోకి వెళ్ళింది. రాజేశం నిలబడి ఉన్నాడు. ఆమె స్విచ్ కట్టేసింది. మోత ఆగాక గాని అతను కదల్లేదు.

"బాపూ, ఓదెలు తాత పోయిండు."

"ఊఁ."

"సాంచ ఆపలేదేంది?"

రాజేశం చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఆమెను కాదు, ఆమె వెనకున్న గోడను చూస్తున్నట్టుంది.

"బాపూ, నువ్వు ఈడ నిలవడితే నీకు నిమ్మళంగుంటది గదా? అందరు గదే అంటరు."

"నేనన్ననా?"

"అనలే."

"మీరే అన్నరు." ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "ప్రదీపు పోయినంక సాంచ వేసిన. ఒక పోగు తెగింది. ముడేసిన. ముడేసినంత సేపు వాడు యాదికి రాలే. ఇంకోటి ఎప్పుడు తెగుతదా అని చూసుకుంట నిలవడ్డ. గంతే. అప్పటి సంది గదే చూస్తున్న. మనుషులొస్తరు, పోతరు. గుడ్డ మీద నీడ వడ్డట్టుంటది. పోగు తెగితేనే కనవడ్తది నాకు."

"నాకెందుకు చెప్పలే? టోపీ పెట్టిననాడు చెప్పద్దా?"

"నువ్వడిగింది తలకాయనే గదా బిడ్డా. ఇచ్చిన."

అతను స్విచ్ వేసుకున్నాడు. మోత మళ్ళీ గదిని నింపింది. రవళి అక్కడే గోడకు ఆనుకుంది. నిమ్మళమనుకుని తను తీసుకుపోయింది తండ్రి లోపల చచ్చిపోయిన చోటును. దాన్ని ఊరందరి కళ్ళలోనూ పోసింది. ఊరంతా ఇప్పుడు పారే గుడ్డను చూస్తున్నట్టు మనుషుల్ని చూస్తోంది. తెగిన పోగు తప్ప ఇంకేదీ వాళ్ళ తల తిప్పలేదు.

*

మేడంతో మళ్ళీ మాట్లాడుతూ ఆమె వాకిట్లో నిలబడి ఉండగా లోపల సాంచా టక్కున ఆగింది.

రవళి తిరిగి చూసింది. శాన్వి సాంచా పక్కన నిలబడి ఉంది. గుప్పిట్లో నాలుగు పోగులు. సాంచా మీద నిలువుగా పరిచిన పడుగులోంచి తెంపినవి. రాజేశం అప్పటికే వంగాడు. మనవరాలి గుప్పిట్లోకి చూశాడు. చిన్న వేళ్ళను ఒక్కొక్కటీ విప్పి పోగులు తీసుకుని ముడులు వేశాడు. స్విచ్ వేశాడు.

"తాత సూసిండు!" అని చప్పట్లు కొట్టింది శాన్వి. మొహం వెలిగిపోయింది.

రవళికి అర్థమైంది. పిల్ల నేర్చుకుంది. ఏడిస్తే ఎవరూ రారు. పిలిస్తే ఎవరూ తిరగరు. పోగు తెగితే వస్తారు. ఆమె "శాన్వీ, వద్దు" అని అరుస్తూ పరుగెత్తేలోపు పిల్ల మళ్ళీ చెయ్యి పెట్టింది, ఈసారి ఇంకా లోపలికి, నాడె ఇటునుంచి అటు కొట్టుకునే చోటికి.

సాంచా కీచుమని ఆగింది. ఆ ఒక్క చప్పుడుకు కండెల మిషను ముందున్న స్రవంతి తిరిగింది. వాకిట్లో పోతున్న ఇద్దరు ఆగి తిరిగారు. పక్కింటి గడపలోంచి ఒకరు తొంగి చూశారు. అందరి కళ్ళూ ఒక్కచోటే ఉన్నాయి, తెగిన పడుగు మీద. పిల్ల వేలు చీరుకుపోయి రక్తం కారుతోంది. నోరు తెరిచి ఏడుస్తోంది. రవళి చెయ్యి లాగి తన చున్నీ చుట్టింది.

స్రవంతి లేచి వచ్చింది. వంగింది. నేసిన గుడ్డ మీద పడ్డ రక్తపు చుక్కను కొంగుతో జాగ్రత్తగా తుడిచింది. మరక పోయిందో లేదో వెలుతురుకు పెట్టి చూసింది. వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

చెవి దగ్గర ఫోనులో మేడం "రవళీ? రవళీ, ఏమైంది?" అంటూనే ఉంది.

"ఆ లయ నుంచి విడిపించే విరుగుడు ఉన్నది గదా మేడం" అంది రవళి. "పంపండి. ఇప్పుడే."

"ఉంది. కానీ అదీ తెర మీంచి పోయే అలే కదా. తెర చూడాలి. వాళ్ళెవరూ ఫోను చూడటం లేదు." మేడం గొంతు తగ్గింది. "నెట్ మీద మోజు ఒక్కటి పోతే చాలనుకున్నాను. మోజు ఒక్కో వస్తువు మీద వేరువేరుగా ఉండదని నాకు తోచలేదు రవళీ."

*

ఊరి ఫోన్లలో నిమ్మళాన్ని ఆపేసి, మేడం పంపిన విరుగుడు నడుస్తున్న ఫోనును రవళి వదిన మొహానికి ఎదురుగా పెట్టింది. స్రవంతి చూపు తెర మీద ఆగలేదు, గాజు మీద నీళ్ళలా జారిపోయింది. గడ్డం పట్టుకుని తిప్పింది. పేరు పెట్టి పిలిచింది. చెంప మీద కొట్టింది కూడా. స్రవంతి కండె చుట్టుకుంటూనే ఉంది.

చివరికి మిషను మీది దారాన్ని రవళి వేలితో తెంపింది.

స్రవంతి కళ్ళు చటుక్కున కొస మీదికి వచ్చాయి. రవళి ఆ కొస కింద ఫోను పెట్టింది. ముడి వేసేంత సేపు, వెలుగుతున్న తెర మీదే వదిన వేళ్ళు కదిలాయి. ముడి బిగియలేదు. దారం చేతిలోంచి జారింది. స్రవంతి తల ఎత్తి రవళి మొహం చూసింది, తర్వాత పిల్ల చేతికి చుట్టిన చున్నీ చూసింది, తర్వాత తన కొంగు చూసుకుంది.

ఆమె పెట్టిన కేక ఎదురింట్లో శోకం పెడుతున్న బూదవ్వకు కూడా వినిపించింది. బూదవ్వ ఒక్క క్షణం ఏడుపు ఆపింది.

ఆ తర్వాత రవళి గడప గడపకూ తిరిగింది. ఒకరి పడుగు మీద ఇంకొకరు చెయ్యి వేయడమంటే ఆ వాడలో తింటున్న కంచంలో కాలు పెట్టడమే. పొయ్యి వెలగడం ఆ పోగుల మీదే. అయినా రవళి పోగులు తెంపుతూనే ఉంది. తెగిన చోట ఫోను పెట్టి నిలబడింది. ముడి వేయబోయిన మనిషి సగంలో ఆగి, ఎక్కడున్నానన్నట్టు చుట్టూ చూసి, ఏడవడమో అరవడమో మొదలుపెట్టేవాడు. లేచినవాళ్ళు తమ ఫోన్లలో విరుగుడు తీసుకుని దిగువ వాడకు పరుగెత్తారు. సాంచలు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ఓదెలు కొడుకు తండ్రి కాళ్ళ మీద పడి లేవనన్నాడు. సాయంత్రం పాడె వాడ దాటింది.

ఒక్క సాంచా మాత్రం పాడె ముందు నుంచి పోతున్నప్పుడూ నడుస్తూనే ఉంది. వదిన తర్వాత తండ్రికే అందరికంటే ముందు విరుగుడు చూపించింది రవళి. అతను తెగిన పోగును చూశాడు, దాని కింది తెరను చూశాడు, ముడి వేశాడు, స్విచ్ వేశాడు. అతనికి నిమ్మళం తెర మీంచి రాలేదు. తెర మీంచి పోయేది కాదు.

*

ట్యాంకర్ దగ్గర మళ్ళీ గొడవ మొదలైంది. మొదటి రోజు ఆ తిట్లు వింటూ రవళి కిటికీలో నిలబడి నవ్వుకుంది. వదిన శాన్విని ఒళ్ళోంచి దించకుండా, "సైంటిస్టు అట సైంటిస్టు! సొంతింటినే కాల్చి చూసుకునే సైంటిస్టు ఏడనన్న ఉంటదా?" అని రోజంతా దులిపింది. అదీ హాయిగానే ఉంది.

దుమ్ము పట్టిన ఫోన్లు కొంగులతో తుడుచుకున్నారు జనం. ఎల్లయ్య పాత వీడియో మళ్ళీ తిరిగింది. ప్రదీప్ ఫోటో కింద నవ్వే బొమ్మలు ఉన్నచోటే ఉన్నాయి. స్రవంతి మళ్ళీ గోడకానుకుని వాటిని తెరవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కొత్త వీడియో ఒకటి వచ్చింది. రవళి ఒక ఇంట్లో పడుగు తెంపుతున్నది. ముందూ వెనకా కోసేసి ఉంది. 'దిగువ వాడకు అమ్ముడుపోయిన ఆడది మన పోగులు తెంపింది' అని ఒక వాడలో, 'ఎగువ వాడ పిల్ల మన మెదళ్ళు పాడుచేసింది' అని ఇంకో వాడలో.

సాయంత్రం వాకిట్లో అడుగుల చప్పుడైంది. రవళి తలుపు సందులోంచి చూసింది. రెండు వాడల మనుషులూ ఉన్నారు. రాళ్ళు రాకముందే మాట్లాడదామని బయటికి వచ్చింది.

ముందు నిలబడ్డది ఎల్లయ్య. చేతిలో రాయి లేదు. ఫోను ఉంది. దాన్ని రెండు చేతులతో ముందుకు చాపాడు, ప్రసాదానికి చాపినట్టు.

"మల్ల పెట్టు బిడ్డా" అన్నాడు.

"ఏంది?"

"గదే. నిమ్మళం. నా వీడియో మల్ల తిరుగుతున్నది. నా బిడ్డ బడికి పోనంటున్నది. అదున్నన్ని దినాలు నన్ను ఎవలు ఏమనలే. నాకూ ఏమనిపియ్యలే."

అతని వెనక ఇంకో చెయ్యి లేచింది. ఇంకొకటి. గుంపంతా ఫోన్లు చాపి నిలబడింది. ఓదెలు కొడుకు కూడా ఉన్నాడు. ఎర్రబడ్డ కళ్ళతో, "ఆయన్ని దాటుకుంట తిరిగిన్నట చెల్లె. కండ్లు మూస్తే గదే కనవడ్తున్నది. నాకు పెట్టు" అన్నాడు. ఎవరూ అరవడం లేదు. గుసగుసగా, బతిమాలుతూ, "నాకు, నాకు" అంటున్నారు.

"ముందు నాకు పెట్టు" అన్న గొంతు వెనక నుంచి వచ్చింది.

స్రవంతి గడపలో నిలబడి ఉంది. చంకలో శాన్వి, చేతిలో వెలుగుతున్న ఫోను.

"వదినా, నువ్వు గూడనా? శాన్వి ఏడుస్తే ఎవరు చూస్తరు?"

"ఏడ్వది." స్రవంతి పిల్లను బిగించి పట్టుకుంది. "నువ్వు చూడలేదా? అప్పుడు అది ఏడుపే మానేసింది. నేను మీ అన్నను మరిచిన, అది నన్ను మరిచింది. ఇద్దరం సుఖంగున్నం. పెట్టు రవళీ. నీ కాళ్ళు మొక్కుత."

రవళి చేతిలోని ఫోనులో తాళం ఉంది. ఒక్క వేలు ఆడిస్తే చాలు. గుంపు ఆ వేలినే చూస్తోంది. వాళ్ళ బాధ అబద్ధం కాదు. దాన్ని తిరిగి తెచ్చి ఇచ్చింది తనే.

స్రవంతి పట్టు మరీ బిగిసింది. దెబ్బ తగిలిన వేలు ఆ పట్టులో నలిగింది. శాన్వి ఒక్కసారిగా గొంతెత్తి ఏడ్చింది.

గుంపులో ప్రతి తలా తిరిగింది.

"చెయ్యి నలుగుతున్నది, ఇడువవ్వా" అంది దిగువ వాడ ఆమె ఒకతె ముందుకు వస్తూ. "గట్లనా ఎత్తుకునేది పిల్లను?"

"నువ్వు చెప్తవా మాకు? నీ పిల్లల్ని సక్కగ పెంచుకో పో" అని ఎగువ వాడ ఆమె అందుకుంది.

"పాలు తాగిందా అది?"

"చీకటి పడుతున్నది, బయట నిలవెడ్తరా పసిదాన్ని? ఏం మనుషులు!"

ఎల్లయ్య ఫోను జేబులో వేసుకుని చిటికెలు వేస్తూ పిల్లకు తన నోరు వంకర తిప్పి చూపించాడు. స్రవంతి చెయ్యి సడలించి, వేలి కట్టు మీద నోటితో ఊదుతూ, ఎందుకో ఆ దిగువ వాడ ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

రవళి తాళాన్ని చెరిపేసింది. నిజంగా చెరపాలా అని అడిగింది తెర. అవునని నొక్కింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కింది.

"పెట్టినవా?" అని ఎవరో అడిగారు.

"లేదు" అంది రవళి. "ఇగ లేదు."

తిట్లు మొదలయ్యాయి. ఆమె గడప మీద కూర్చుని ఒక్కటీ వదలకుండా విన్నది. చాలాసేపు తిట్టారు. ఎవరో పాలు తెచ్చారు. శాన్వి ఇంకా వెక్కుతూనే ఉంది, ఊరంతా దాని చుట్టూనే ఉంది.

లోపల సాంచా మాత్రం ఆగలేదు.